ఎద్దుకు పళ్లు చూస్తాం, బండికి ఏం చూడాలి?

మా నాయన సంతలో ఎద్దును కొనే తీరు చూడవలసిందే. ముందు దూరంగా నిలబడి అది అడుగు వేసే వాటం చూస్తాడు. తర్వాత దగ్గరికి పోయి సుడులు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నోరు తెరిపించి పళ్లు లెక్కపెడతాడు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, కడపళ్లు వచ్చేశాయా అన్నదాన్నిబట్టి వయసు తేలిపోతుంది. అమ్మేవాడు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా ఇక లాభం లేదు. ఆ తర్వాత తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టి బేరం. ఎద్దుల విషయంలో ఆయన మోసపోయినట్టు నాకు తెలిసి ఒక్కసారీ వినలేదు. అటువంటి మనిషి 2024 ఫిబ్రవరిలో ఒక షోరూములో, చల్లటి గదిలో, మెత్తటి కుర్చీలో కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చాడు.

మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. పండించేది టమాట. కాయ కోసిన రోజే మండీకి చేరాలి. అద్దె బండివాడు వస్తానన్న వేళకు రాకపోతే ఆ రోజు వేలం అయిపోతుంది, మర్నాటికి కాయ మెత్తబడుతుంది. రెండు పంటలు అట్లా దెబ్బ తిన్నాక, ఉన్న ఎద్దుల జత అమ్మి, అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి, చిన్న వ్యాను ఒకటి కొందామని ఇంట్లో నిశ్చయించారు. మన బండిలో మన కాయతో పాటు పక్క చేలవాళ్ల కాయ కూడా వేసుకుపోతే కంతు అదే తీరిపోతుందని మా మామ లెక్క చెప్పాడు. నేనప్పుడు బి.ఎస్సీ. ప్రథమ సంవత్సరం. హాస్టల్లో పరీక్షలకు చదువుకుంటున్నాను. నాయన, మామ ఇద్దరే పోయారు. ఏ కంపెనీ బండి, ఏ ఊరి షోరూము అన్నది ఇక్కడ రాయను. ఆ పేర్లతో మనకు పని లేదు. తర్వాత నేను నలుగురిని అడిగి తెలుసుకున్నదాన్నిబట్టి చాలాచోట్ల తంతు ఇదే.

శలవులకు ఇంటికి పోయినప్పుడు నాయన ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టి, "అన్నీ సరిగ్గా ఉండాయా చూడు నాయనా" అన్నాడు. అందులో ఉన్న కాగితాలే ఈ వ్యాసానికి మూలం.

మొదటి కాగితం మీద ఒకే ఒక్క అంకె ఉంది: 5,78,000. దాన్ని 'ఆన్ రోడ్ ధర' అంటారు, అంటే బండి రోడ్డెక్కేనాటికి మన జేబులోంచి పోయే మొత్తం. ఈ మొత్తాన్ని విడగొట్టి రాసిమ్మని అడిగే హక్కు కొనేవాడికి ఉంది. నేను తర్వాత ఫోన్ చేసి అడిగితే ఇట్లా చెప్పారు. షోరూము ధర 5,12,000. బీమా 32,000. రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను కలిపి 18,000. 'ఫిటింగుల కిట్టు' 8,500. 'హ్యాండ్లింగ్ చార్జీలు' 7,500.

షోరూము ధరలో జి.ఎస్.టి. కలిసే ఉంటుంది. మేము కొన్నప్పుడు సరుకుల బండ్ల మీద అది 28 శాతం. అంటే నాలుగు లక్షల బండికి లక్షా పన్నెండు వేలు పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 18 శాతానికి తగ్గించారు. ఆ వార్త పేపర్లో చదివి మామ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. దానికి షోరూమువాళ్లను అనవలసింది ఏమీ లేదు, మన జాతకం. పన్ను, రిజిస్ట్రేషను రుసుము కూడా సర్కారువే. బేరమాడవలసిందల్లా మిగిలిన మూడింటి దగ్గర.

బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదన్నది చట్టం. కానీ ఆ బీమా షోరూములోనే తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. మా ఊరికి వచ్చే ఏజెంటును అడిగితే అదే బండికి, అదే విలువకు అయిదు వేలు తక్కువ చెప్పాడు. కిట్టు అంటే సీటు కవర్లు, రబ్బరు చాపలు, ఒక దేవుడి బొమ్మ. వద్దంటే మానేయవచ్చు. ఇక హ్యాండ్లింగ్ చార్జీలు అంటే ఏమిటని అడిగాను. "కంపెనీ గోడౌను నుంచి బండి తెప్పించడానికి, తుడిచి ఇవ్వడానికి" అన్నారు. అమ్మే సరుకును అంగట్లోకి తెచ్చుకున్న ఖర్చు అమ్మేవాడిది కాదా? మేము టమాట మండీకి తోలిన బాడుగ ఏనాడూ కొనేవాడు ఇవ్వలేదే!

రెండో కాగితం అప్పుది. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇక్కడే తగిలింది. నాలుగు లక్షల అప్పు, నాలుగేళ్లు, 'ఎనిమిది శాతం ఫ్లాట్'. మా పల్లెలో వడ్డీని శాతాల్లో ఎవరూ చెప్పరు, నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. నూటికి రెండు రూపాయలు మామూలు వడ్డీ. ఏడాదికి ఎనిమిది శాతమంటే నెలకు నూటికి అరవై ఏడు పైసలు. రూపాయి కూడా లేదు కదా అని నాయన సంతోషంగా సంతకం పెట్టాడు.

ఫ్లాట్ అంటే ఏమిటో చూద్దాం. నాలుగు లక్షలకు ఏడాదికి 32,000 చొప్పున నాలుగేళ్లకు వడ్డీ 1,28,000. దాన్ని అసలుకు కలిపి 5,28,000 చేసి, 48తో భాగిస్తే నెలకు సరిగ్గా 11,000. లెక్క ఎంతో ముచ్చటగా ఉంది. కాని మనం నెలనెలా కట్టే కంతులో కొంత అసలు కూడా తీరుతోంది కదా! రెండో ఏడాదికి మన దగ్గర ఉన్నది వాళ్ల నాలుగు లక్షలు కాదు, అంతకంటే బాగా తక్కువ. నాలుగో ఏడాది చివర ఉండేది పది పదిహేను వేలు. అయినా వడ్డీ మాత్రం మొదటిరోజున ఇచ్చిన నాలుగు లక్షల మీదే చివరిదాకా నడుస్తుంది. కౌలుకు తీసుకున్న నాలుగెకరాల్లో ఏటా ఒక ఎకరం తిరిగి ఇచ్చేస్తూ, కౌలు మాత్రం నాలుగెకరాలకూ కట్టినట్టన్నమాట.

నిజమైన వడ్డీ ఎంత? మిగిలిన అసలు మీదే వడ్డీ పడే పద్ధతిలో చూస్తే, నెలకు 11,000 చొప్పున 48 నెలల్లో నాలుగు లక్షలు తీరాలంటే వడ్డీరేటు ఎంత ఉండాలన్నది ప్రశ్న. ఇది సూటిగా తేలే సమీకరణం కాదు, ఒక అంకె వేసి చూసి, సరిచేసి, మళ్లీ వేయాలి. మన గణితశాస్త్ర లెక్చరరు గారు చెప్పిన ఉజ్జాయింపు పద్ధతి పరీక్షలో కాకుండా మరోచోట పనికొచ్చింది నాకు అదే మొదటిసారి. జవాబు ఏడాదికి 14.3 శాతం పైచిలుకు. నాయన భాషలో నూటికి రూపాయి ఇరవై పైసలు. నిజంగా ఎనిమిది శాతమే అయి ఉంటే కంతు 9,765 రూపాయలు, మొత్తం వడ్డీ 69,000 లోపే. తేడా దాదాపు 59,000. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకంటే ఇదే నయమన్న మాట నిజమే, కాదనను. కానీ అరవై ఏడు పైసలని నమ్మించి రూపాయి ఇరవై తీసుకోవడం వేరే సంగతి.

ఇటువంటి తికమక పోవాలనే కాబోలు, 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త అప్పులకు, రుసుములన్నీ కలుపుకొని ఏడాదికి పడే అసలు రేటు ఎంతో ఒక కాగితం మీద స్పష్టంగా రాసివ్వాలని రిజర్వుబ్యాంకు నియమం పెట్టింది. మేము ఎనిమిది నెలలు ముందు పుట్టాం. ఇప్పుడు కొనేవాళ్లు ఆ కాగితం అడిగి తీసుకుని, అందులోని రేటే చూడండి. ఫ్లాట్ అన్న మాట వినబడితే లేచి నిలబడండి.

మూడో కాగితం రిజిస్ట్రేషను. అందులో తయారైన నెల, సంవత్సరం అన్నచోట 2023 జులై అని ఉంది. మేము కొన్నది 2024 ఫిబ్రవరిలో. 'కొత్త బండి' అన్నమాట అబద్ధం కాదు, ఎవరూ నడపలేదు. కానీ రేపు అమ్మబోతే కొనేవాడు చూసేది ఆ సంవత్సరమే. ఏడు నెలలు ఎండకూ వానకూ నిలబడిన బండి మీద ధర తగ్గించి ఇవ్వడం వ్యాపారంలో ఉన్నదే. మావాళ్లకు తగ్గించలేదు, ఆ సంగతి చెప్పనూలేదు.

బండికి పళ్లు లేవా అంటే, ఉన్నాయి. చాసిస్ మీద చెక్కిన పదిహేడు అక్షరాల అంకెల వరుస ఉంటుంది. చాలా కంపెనీల బండ్లలో అందులో పదోది సంవత్సరాన్ని చెబుతుంది: 'పి' అయితే 2023, 'ఆర్' అయితే 2024, 'ఎస్' అయితే 2025. 'క్యూ' ఎక్కడ పోయిందంటారా? సున్నాలాగా కనబడుతుందని ఆ వరుసలో 'ఓ', 'క్యూ' వాడరు. ఒకటిలాగా ఉంటుందని 'ఐ' కూడా వాడరు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2623 అని ఉంటే 2023లో ఇరవై ఆరో వారంలో తయారైన టైరు. ఇవేవీ వద్దనుకుంటే షోరూమువాళ్లు ఇచ్చే అమ్మకం ధ్రువపత్రంలో, అంటే ఫారం 21లో, తయారైన నెల రాసే ఉంటుంది. డబ్బు కట్టకముందే చాసిస్ నంబరు రాసిమ్మని, బండిని పగటి వెలుతురులో చూపించమని అడగాలి. సంతలో చేసే పనే ఇది. షోరూములో ఆ అద్దాలూ టైలూ చూసి అడగడానికి మనకే మొహమాటం.

నాకు అప్పుడు చాలా కోపం వచ్చింది. నాయనతో చెప్పకుండా ఒంటరిగా షోరూముకు పోయాను. మావాళ్లకు బండి అమ్మిన అబ్బాయి నాకంటే నాలుగేళ్లు పెద్ద. మాటల్లో తెలిసింది, అతను మన కళాశాల పూర్వ విద్యార్థే. మన గ్రూపే, రైతు బిడ్డే. నన్ను బయట టీ కొట్టుకు తీసుకుపోయాడు. అతను చెప్పిన సంగతులు ఏ పుస్తకంలోనూ చదవలేదు. డీలరు బండ్లను కంపెనీ దగ్గర ముందే డబ్బు కట్టి తెచ్చుకుంటాడు. ఆ డబ్బు బ్యాంకు అప్పు. బండి అమ్ముడుపోకుండా నిలబడిన ప్రతిరోజూ దానిమీద వడ్డీ పెరుగుతుంది. కనుక ముందు పాతదే అంటగట్టమంటారు. బండి మీద మిగిలేది స్వల్పం, బీమా కమీషను, అప్పు ఇప్పించినందుకు కమీషను, కిట్టు, సర్వీసు — వీటిమీదే షోరూము బతుకుతుంది. ఇతనికి నెలకు ఇన్ని బండ్లని లక్ష్యం. అది దాటితేనే జీతం మీద పైసలు. "నెలాఖరు మూడు రోజుల్లో వచ్చి గట్టిగా అడిగుంటే నేనే తగ్గించి ఇప్పించేవాణ్ణి తమ్ముడూ. మీ నాయన ఏమీ అడగలేదు" అన్నాడు. ఆ మాటకు నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు గాని, టీ మాత్రం చేదుగా దిగింది.

మన లెక్చరర్లలో పెద్దవాళ్లకు దీనికి తలకిందులైన కాలం గుర్తుండే ఉంటుంది. లైసెన్సుల రోజుల్లో కార్లంటే అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి రెండు మూడు రకాలే. స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారట. వంతు వచ్చినవాడు ఆ కాగితాన్నే ఎక్కువ ధరకు అమ్ముకునేవాడట. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి కారు తాళాలు స్వయంగా అందించడం దేశమంతటికీ వార్త. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు నిబంధన ఎత్తివేశాక రకాలు పెరిగాయి. అప్పుడు కొనేవాడు డీలరును బతిమాలుకున్నాడు, ఇప్పుడు డీలరు కొనేవాణ్ణి కాఫీతో బతిమాలుతున్నాడు. ఏ కాలంలోనైనా కాగితం చదవనివాడికి పడేది పడుతూనే ఉంది.

తర్వాత మేము చేసింది రెండు పనులు. హ్యాండ్లింగ్ చార్జీలకు రసీదు లేదని, తయారైన నెల దాచారని షోరూముకు ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాం. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. మూడు వారాలకు 7,500కు చెక్కు వచ్చింది. తయారైన నెల గురించి మాత్రం "ఫారం మీద మీ సంతకం ఉంది" అని జవాబు. జిల్లా వినియోగదారుల కమిషనుకు పోదామన్నాను. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం ప్రకారం మన నివాసం ఉన్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, రెండేళ్లలోగా వేయాలి. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడని ఎవరైనా అడ్డు చెబితే, స్వయం ఉపాధితో బతుకు గడుపుకోవడానికి కొన్నది ఆ మినహాయింపు కిందికి రాదని అదే చట్టంలో ఉంది. అన్నీ విని నాయన, "కోత రోజుల్లో కోర్టులెట్ల తిరగాల? ఇడిసిపెట్టు" అన్నాడు. విడిచిపెట్టాం. నాకు ఇప్పటికీ మనసొప్పలేదు.

ఇంకొక్క మాట. అప్పు తీరగానే పని అయిపోదు. అప్పిచ్చినవాళ్ల దగ్గర బాకీ లేదన్న పత్రం, ఫారం 35 తీసుకుని రవాణా కార్యాలయంలో ఇచ్చి రిజిస్ట్రేషనులోంచి వాళ్ల పేరు కొట్టివేయించుకోవాలి. మా బంధువు ఒకాయన ఈ సంగతి తెలియక, అప్పు తీరిన అయిదేళ్లకు ట్రాక్టరు అమ్మబోయి, మూతబడిన ఫైనాన్సు ఆఫీసు కోసం ఊళ్లు తిరిగాడు.

మొన్న సంక్రాంతికి మా పక్కింటి చిన్నాయన వ్యాను కొంటానంటే నాయన తోడు పోయాడు. నన్నూ రమ్మన్నాడు గాని నా అవసరమే పడలేదు. షోరూములో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, కాఫీ తర్వాత అన్నాడు. బయట ఎండలో నిలబడిన బండి దగ్గరికి పోయి, వంగి, తువ్వాలతో చాసిస్ మీద దుమ్ము తుడిచి, "అబ్బోడా, పదో అక్షరం ఏముందో చదువు" అని అక్కడి కుర్రవాణ్ణి అడిగాడు. వాడు నాయన వంక, నా వంక చూసి, లోపలికి పోయి మేనేజరును పిలుచుకొచ్చాడు. చిన్నాయనకు హ్యాండ్లింగ్ చార్జీలు పడలేదు. బీమా బయట తీసుకున్నాడు. అప్పు సహకార బ్యాంకులో చేశాడు.

మా బండికి ఈ ఫిబ్రవరితో ఇరవై నాలుగు కంతులు కట్టాం. సగం కాలం గడిచింది గాని అసలులో ఇంకా 2,28,000 పైన మిగిలే ఉంది. టమాట ధర నిలబడితే వచ్చే ఏడాది ముందుగానే కట్టేద్దామని నాయన అంటున్నాడు. ముందుగా కడితే వాళ్లు వేసే రుసుము ఎంతో కాగితంలో వెతికి పెట్టమన్నాడు. వెతుకుతున్నాను.