కుక్కూ అంటే మన కోయిలేనా?



పిల్లల ఇంగ్లిష్ రైమ్స్‌లో, కథల్లో కుక్కూ, హెడ్జ్‌హాగ్, రాబిన్ తరచూ కనిపిస్తాయి. "అంటే ఏంటి?" అని పిల్లలు అడిగితే కోయిల, ముళ్లపంది, ఏదో పిట్ట అని చెప్పేస్తాం. స్పెల్లింగ్ వస్తుంది, ప్రాణి మాత్రం కళ్ల ముందుకు రాదు. ఇవి బ్రిటన్‌లో కనిపించే ప్రాణులు. అక్కడి నాలుగు కాలాలతో కలిపి చెబితే పిల్లలకు ఇట్టే అర్థమవుతాయి.

వసంతం (మార్చి–మే): చెట్లు నిండుగా ఆకులు వేసి నీడ కమ్మకముందే అడవుల్లో నేలంతా బ్లూబెల్ పూలు నీలంగా పరుచుకుంటాయి. ఏప్రిల్‌లో ఆఫ్రికా నుంచి కుక్కూ వస్తుంది. బూడిద రంగులో ఉండే ఈ పక్షి మన కోయిలకు చుట్టం, కోయిల కాదు. కోయిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టే, ఇది రీడ్ వార్బ్లర్ వంటి చిన్న పిట్టల గూళ్లలో పెడుతుంది.

వేసవి (జూన్–ఆగస్టు): జూన్‌లో లండన్‌లో పగలు 16 గంటలకు పైనే ఉంటుంది. చీకటి పడ్డాక హెడ్జ్‌హాగ్ తోటల్లో పురుగులు వెతుక్కుంటుంది. మన ముళ్లపంది వేరు. అది ఎలుకల వర్గానికి చెందింది, దుంపలు, వేర్లు తింటుంది.

ఆటమ్ (సెప్టెంబర్–నవంబర్): ఆకుల్లో పచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్ తగ్గి, లోపలి పసుపు రంగు బయటపడుతుంది. ఆ తర్వాత ఆకులు రాలిపోతాయి. ఉడుతలు గింజలు నేలలో దాచుకుంటాయి. హెడ్జ్‌హాగ్ కడుపునిండా తిని, ఎండుటాకుల గూట్లో వసంతం దాకా నిద్రపోతుంది.

చలికాలం (డిసెంబర్–ఫిబ్రవరి): చాలా పక్షులు మౌనంగా ఉన్నా ఎర్ర రొమ్ము రాబిన్ పాడుతూనే ఉంటుంది. క్రిస్మస్ కార్డుల మీద కనిపించే పిట్ట ఇదే.

ఈ ప్రాణులు కొన్ని తగ్గిపోతున్నాయి. 2020లో హెడ్జ్‌హాగ్‌ను బ్రిటన్ క్షీరదాల రెడ్ లిస్ట్‌లో ముప్పున్న జంతువుగా చేర్చారు. అక్కడ 1979 నుంచి ఏటా జనవరిలో పిల్లలూ పెద్దలూ ఒక గంటసేపు తమ తోటలోని పక్షులను లెక్కపెడతారు. పిచ్చుకలు సగానికి పైగా తగ్గాయని ఈ లెక్కల్లోనే తేలింది.

ఇంట్లో చేయించండి: ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం నుంచీ పాల్గొనవచ్చు. బాల్కనీలో 15 నిమిషాలు కూర్చుని కనిపించిన పక్షులను రాస్తే చాలు. ఉగాదికి ముందు కోయిల మొదట కూసిన రోజును క్యాలెండర్‌లో గుర్తుపెట్టించండి. మన కోయిలను గమనించిన పిల్లలకు పాఠంలోని కుక్కూ కొత్తగా అనిపించదు.