పేరు కాదు, పదార్థం చూడాలి: ఇంట్లోనే టిరమిసు కాఫీ

తినే వస్తువు ముందుకు వచ్చినప్పుడు విశ్వాసి మనసులో మొదట మెదలవలసిన ప్రశ్న ‘ఇందులో ఏముంది?’ అన్నది. రుచి సంగతి ఆ తరువాతిది. మన పెద్దల కాలంలో దీనికి సమాధానం సులభంగానే దొరికేది. పాలు ఎవరి ఇంటివో, మాంసం ఎవరు జబహ్ చేశారో, మిఠాయి ఏ నేతితో వండారో ఊరందరికీ తెలుసు. నేటి ఆహారం పొట్లాలలో, సీసాలలో, పరదేశపు పేర్లతో మన గుమ్మంలోకి వస్తోంది. పేరు నోరు తిరగనిదైతే అనుమానిస్తున్నాము. పేరు అందంగా ఉంటే అడగకుండానే తాగుతున్నాము. ఈ రెండూ జ్ఞానానికి దూరమైన పనులే.

మా మదర్సా విద్యార్థినులు కొందరు ఇటీవల ఒక సందేహం తెచ్చారు. పట్నంలోని కాఫీ దుకాణాలలో ‘టిరమిసు కాఫీ’ అని అమ్ముతున్నారట, అది తాగవచ్చునా అని. ‘వద్దు’ అని ఒక్క మాటతో ముగించడం మాకు కష్టం కాదు. అయితే కారణం చెప్పకుండా కాదన్నప్పుడు పిల్లలు రెండోసారి అడగరు. అడగడం మానిన పిల్లలు తాగడం మానుతారన్న భరోసా ఏమీ లేదు. పిల్లలు మనల్ని అడుగుతున్నంత కాలమే వారికి మన మాట చేరుతుంది. అందుచేత ఆ ప్రశ్నను ఇక్కడ వివరంగా పరిశీలించి, అదే పానీయాన్ని నిస్సందేహంగా ఇంట్లో చేసుకొనే విధానాన్ని కూడా పాఠకుల ముందుంచుతున్నాము.

ఒకనాడు కాఫీయే బోనెక్కింది

నేడు మనం నిశ్చింతగా తాగుతున్న కాఫీ ఒకప్పుడు పండితుల సభలో విచారణకు నిలబడింది. 15వ శతాబ్దంలో యెమెన్ దేశపు సూఫీలు రాత్రివేళ జిక్ర్‌లో నిద్ర రాకుండా ఉండేందుకు ఈ పానీయాన్ని సేవించేవారు. వారి నుండి అది మక్కాకు, కైరోకు చేరింది. అరబ్బీలో దీనికి ‘ఖహ్వా’ అని పేరు. చిక్కు అక్కడే వచ్చింది. పాత అరబ్బీ కవిత్వంలో ‘ఖహ్వా’ అనేది మద్యానికి ఉన్న పేర్లలో ఒకటి. పేరే అటువంటిదైతే పానీయం ఎటువంటిదో అని కొందరికి శంక కలిగింది.

1511లో మక్కాలో మమ్లూకు సుల్తాను తరఫున అధికారిగా ఉన్న ఖాయిర్ బేగ్, రాత్రివేళ మస్జిదు సమీపంలో జనం గుమిగూడి కాఫీ తాగడం చూశాడు. పండితులను సమావేశపరచి, వైద్యుల చేత ఇది హానికరమని చెప్పించి, కాఫీని నిషేధించాడు. ఆ సభలో ఒక వ్యక్తి లేచి ఇది కూడా మద్యం లాగే మత్తెక్కిస్తుందని సాక్ష్యమిచ్చాడని, మద్యపు మత్తు నీకెలా తెలుసునని అడగగా తాను తాగినట్లు ఒప్పుకొని శిక్షకు గురయ్యాడని చరిత్రకారులు వ్రాశారు. కొద్దికాలానికే కైరో నుండి సుల్తాన్ ఖాన్సూహ్ అల్ గౌరీ ఫర్మానా వచ్చింది. అది కాఫీ పేరిట జరిగే అల్లరి సభలను మాత్రమే తప్పుపట్టింది. పానీయాన్ని పూర్తిగా నిషేధించలేదు. 16వ శతాబ్దంలోనే అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ అనే పండితుడు కాఫీ ధర్మసమ్మతమని నిరూపిస్తూ ఒక గ్రంథమే రచించాడు.

ఈ ఉదంతంలో మనకు గొప్ప పాఠముంది. మద్యం పేరు మోసినంత మాత్రాన కాఫీ మద్యం కాలేదు. ఆధారం లేకుండా నోటికి వచ్చినట్లు ఇది హలాల్, ఇది హరామ్ అనరాదని ‘అన్‌నహ్ల్’ సూరా 116వ ఆయతు హెచ్చరిస్తోంది. పండితులు చివరకు చూసింది పేరును కాదు, పాత్రలోని పదార్థాన్ని, దాని ప్రభావాన్ని. టిరమిసు విషయంలోనూ ఇదే కొలబద్ద. కాకుంటే ఇక్కడ వ్యవహారం తలక్రిందులైంది. పేరు నిర్దోషి, పదార్థమే తరచి చూడదగినది.

టిరమిసు అంటే ఏమిటి?

టిరమిసు ఇటలీ దేశపు భోజనానంతర మిఠాయి. ఆ మాటకు ‘నన్ను పైకి లేపు’ అని అర్థం. కాఫీలో తడిపిన మెత్తని బిస్కట్ల వరుస, దానిపై గుడ్డు సొన, చక్కెర కలిపి గిలకొట్టిన ‘మాస్కార్పోనే’ అనే మీగడ జున్ను, అన్నిటికీ పైన చల్లిన చేదు కోకో పొడి — ఇదీ దాని స్వరూపం. ఇటలీ ఈశాన్య ప్రాంతంలోని ట్రెవీజో నగరంలో ‘లే బెక్కెరీ’ అనే భోజనశాల 1970ల ఆరంభంలో దీనిని ప్రసిద్ధికి తెచ్చింది. పొరుగునున్న ఫ్రియూలీ ప్రాంతం వారు ఇది తమదేనని వాదిస్తారు.

మనం గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ట్రెవీజో పద్ధతిగా ప్రసిద్ధమైన వంటకంలో మద్యం లేదు. గుడ్డు సొన, చక్కెర, మీగడ జున్ను, బిస్కట్లు, కాఫీ, కోకో — ఇవే దాని దినుసులు. ఇతర చోట్ల వండేవారు బిస్కట్లు తడిపే కాఫీలో మార్సాలా అనే ద్రాక్షసారాను, రమ్మును, కాఫీ మద్యాన్ని కలపడం మొదలుపెట్టారు. నేడు ప్రపంచంలో చాలాచోట్ల ఆ కలయికే వాడుకలో ఉంది. ‘అల్ మాయిదా’ సూరా 90వ ఆయతు మద్యాన్ని స్పష్టంగా నిషేధించింది. మిఠాయిలో పోసినంత మాత్రాన దాని ఆదేశం మారదు. అయితే మద్యం తీసివేస్తే టిరమిసు రుచి చెడిపోతుందన్న మాట నిజం కాదు. దాని ప్రాణం కాఫీ చేదులో, మీగడ కమ్మదనంలో, కోకో సువాసనలో ఉంది. ఆ మూడూ హలాలే.

పొట్లం వెనుక చదవండి

బయట కొనేటప్పుడు నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఆకుపచ్చ గుర్తు. మన దేశంలో శాకాహార పదార్థాలపై ముద్రించే ఈ గుర్తు జంతు సంబంధమైన జెలటిన్ వంటివి లేవని తెలుపుతుంది. అది మనకు ఉపకరించే సంగతే. కాని మద్యం లేదని ఆ గుర్తు చెప్పదు. అందువల్ల దినుసుల పట్టిక చదవక తప్పదు. అందులో 1510 అనే సంఖ్య కనిపిస్తే అది ఇథైల్ ఆల్కహాలుకు కేటాయించినదని గ్రహించాలి.

రెండవది, వెనిల్లా. ‘ఎక్స్‌ట్రాక్ట్’ అని అమ్మే వెనిల్లా సారంలో మద్యసారమే ద్రావకం. అమెరికా నిబంధనల ప్రకారం అందులో కనీసం 35 శాతం ఉండాలి. ఇటువంటి స్వల్ప మిశ్రమాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ఆ చర్చను ఫిఖ్హ్ గ్రంథాలకు వదిలి, గృహిణులకు మేము చెప్పేది ఒక్కటే: రెండు యాలకులతో పని జరిగే చోట సందేహాన్ని కొనితెచ్చుకోవడం ఎందుకు?

మూడవది, మద్యాల పేర్లతో వచ్చే రుచి పానకాలు. వీటిలో కొన్నింటిలో మద్యం ఉండదు. పేరు, వాసన మాత్రమే ఉంటాయి. పైన చెప్పిన కొలబద్ద ప్రకారం పేరొక్కటే దానిని హరామ్ చేయదు. అయినా మద్యపు రుచిని మన పిల్లల నాలుకకు పరిచయం చేయడం వివేకం కాదు.

నాలుగవది, దుకాణంలో అడగడం. ‘ఇందులో మద్యం ఉందా? జెలటిన్ ఉందా?’ అని మర్యాదగా అడగడానికి మన పిల్లలు సిగ్గుపడకూడదు. దినుసులు తెలుసుకోవడం కొనేవారి హక్కు.

ఇంట్లో చేసుకొనే విధానం

ఇద్దరికి సరిపడే కొలతలు ఇస్తున్నాము.

కాఫీ పొడి 3 టేబుల్ స్పూన్లు, మరిగిన నీరు 120 మి.లీ., కాచి చల్లార్చిన చిక్కటి పాలు 250 మి.లీ., తాజా క్రీము 100 మి.లీ., పెరుగు ఒక కప్పు, చక్కెర పొడి 4 టీస్పూన్లు, తీపి కలపని కోకో పొడి ఒక టీస్పూను, ఉస్మానియా బిస్కట్లు 2, యాలకులు 2, చిటికెడు ఉప్పు, కొన్ని మంచు ముక్కలు.

ముందుగా పెరుగు సంగతి. మాస్కార్పోనే అంటే మీగడలో నిమ్మ ఉప్పు వంటి పులుపు వేసి విరిచిన మెత్తని జున్ను. అది ఖరీదైనది, అన్ని ఊళ్ళలో దొరకదు. దాని స్థానంలో పులియని పెరుగును పలుచని గుడ్డలో మూటగట్టి, ఫ్రిజ్‌లో గిన్నెపై వ్రేలాడదీయాలి. రెండు మూడు గంటలలో నీరంతా దిగి వెన్నవంటి ముద్ద మిగులుతుంది. అందులో నుండి 3 టేబుల్ స్పూన్లు తీసుకొని, చల్లని క్రీము, 2 టీస్పూన్ల చక్కెర పొడి, యాలకుల పొడి, ఉప్పు చేర్చి కవ్వంతో గిలకొట్టాలి. బజారులో దొరికే 25 శాతం కొవ్వు గల క్రీము ఒంటరిగా నురగకట్టి నిలబడదు. పెరుగు ముద్దే దానికి చిక్కదనం ఇస్తుంది. ఆ స్వల్పమైన పులుపు అసలు టిరమిసు రుచిని గుర్తుకు తెస్తుంది. మిశ్రమం గరిటె నుండి నిదానంగా జారేటట్లు ఉంటే చాలు. మరీ గిలకొడితే వెన్న విడిపోతుంది.

కాఫీ ఫిల్టరులో పొడి వేసి, తేలికగా అదిమి, మరిగిన నీరు పోసి మూత పెట్టాలి. దిగిన డికాక్షన్‌లో మిగిలిన 2 టీస్పూన్ల చక్కెర కరిగించి పూర్తిగా చల్లారనివ్వాలి. ఇది తప్పనిసరి. వేడి కాఫీ తగిలితే మీగడ కరిగిపోతుంది, పెరుగు విరిగిపోతుంది. ఫిల్టరు లేనివారు 90 మి.లీ. వేడినీటిలో 2 టీస్పూన్ల ఇన్‌స్టంట్ కాఫీ కలుపుకోవచ్చు. మన్యపు ఆదివాసీ రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. తెలుగు నేలపై పండిన ఆ గింజలు ఈ పానీయానికి చక్కగా అమరుతాయి.

రెండు గాజు గ్లాసులలో మంచు ముక్కలు వేసి, పాలు సగం సగం పోసి, డికాక్షన్ పంచాలి. తరువాత చెంచాను బోర్లించి పట్టుకొని, దాని వీపు మీదుగా మీగడ మిశ్రమాన్ని మెల్లగా జార్చాలి. కొవ్వు తేలికైనది గనుక అది పైన తెప్పవలె తేలుతుంది. దానిపై జల్లెడతో కోకో పొడి రాల్చి, ఉస్మానియా బిస్కటును చిదిమి చల్లాలి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వెలసిన ఈ హైదరాబాదీ బిస్కటులోని తీపీ ఉప్పూ కలిసిన రుచి, ఇటలీ బిస్కటు లేని లోటు తెలియనివ్వదు. గ్లాసును కలపకుండానే తాగాలి. తీయని మీగడ గుండా చేదు కాఫీ వచ్చినప్పుడే అది టిరమిసు అనిపిస్తుంది.

ఇందులో పచ్చి గుడ్డు లేదు కనుక ఆ భయమూ లేదు. చిన్నపిల్లలకు డికాక్షన్ పోయకుండా, కోకో కలిపిన పాలపై ఇదే మీగడ వేసి ఇవ్వవచ్చు.

ఎంత, ఎప్పుడు?

ధర్మసమ్మతమైనదంతా మితిమీరి సేవించదగినదని కాదు. తినండి, తాగండి, మితిమీరకండి అన్న భావం ‘అల్ అఅరాఫ్’ సూరా 31వ ఆయతులో ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం కాఫీ, టీల ద్వారా రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్‌ను మించరాదు, 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. భోజనానికి గంట ముందు, గంట తరువాత వీటికి దూరంగా ఉండాలని కూడా వారు సూచించారు. లేకుంటే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత గల స్త్రీలు, గర్భిణులు దీనిని మరింతగా పాటించాలి. మా కొలతలో ఒక్కొక్కరికి 2 టీస్పూన్ల చక్కెర వస్తుంది. మధుమేహం ఉన్నవారు దానినీ మానుకోవడం మేలు. అసలు టిరమిసులో కోకో చేదుగా ఉండటానికి కారణమే తీపిని అదుపులో ఉంచడం.

రమజాన్‌లో ఈ పానీయం చేసుకొనేవారు వేళ చూసుకోవాలి. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుండి తొలగడానికి సుమారు 5 గంటలు పడుతుంది. తరావీహ్ తరువాత 10 గంటలకు తాగితే రాత్రి 3 గంటలకు కూడా సగం మిగిలే ఉంటుంది. యెమెన్ సూఫీలు రాత్రి మేల్కొని ఆరాధించడానికి కాఫీ తాగారు. మనం కాఫీ తాగి రాత్రంతా మేలుకొని, ఫజ్ర్ వేళకు నిద్రలోకి జారుకుంటే అది ఎంతటి నష్టం!

సోదరీమణులారా! మీ అమ్మాయి ఇటువంటి ప్రశ్నతో వచ్చినప్పుడు ఆమెను పొట్లం వెనుక చదవమనండి, ఆ తరువాత కవ్వం ఆమె చేతికే ఇవ్వండి. తన చేతితో దినుసులు ఎంచి కలిపిన పిల్ల, రేపు మీరు పక్కన లేనిచోట కూడా ‘ఇందులో ఏముంది?’ అని అడుగుతుంది. అల్లాహ్ మన ఇళ్ళలోని ఆహారాన్ని ధర్మసమ్మతంగా, పరిశుద్ధంగా, శుభప్రదంగా చేయుగాక. ఆమీన్.