వేలిముద్రకు ముందు

తెల్లవారుజామున ఎల్.బి. నగర్ కూడలి మీదుగా వచ్చువారు అచటి కూలీల అడ్డాను చూచియే యుందురు. తాపీయో, పారయో చేతబట్టుకొని, సద్దిడబ్బా ప్రక్కన పెట్టుకొని మేస్త్రీ పిలుపు కొరకు నిలిచియుందురు. ఆనాడు ఎవరి పనికి పోవుదురో చాలసార్లు వారికే తెలియదు. 2018 సెప్టెంబరులో దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి. నగర్ వరకు తెరచిన మెట్రో మార్గమును, ఈ ప్రాంతపు వంతెనలను, అంతస్తుల భవనములను కట్టినవి ఇట్టి చేతులే. మన విద్యార్థులలో పలువురి తండ్రులు, అన్నలు ఈ వృత్తులలోని వారే గనుక ఈ విషయము కళాశాల సంచికకు వెలియైనది కాదని తలచుచున్నాము.

2023 జూన్ 21న సాగర్ రింగ్ రోడ్డు కూడలి వద్ద నిర్మాణములో నున్న వంతెన ర్యాంపు కూలి కార్మికులు గాయపడిరి. 2025 ఫిబ్రవరిలో ఎల్.బి. నగర్‌లోనే సెల్లారు త్రవ్వుచుండగా మట్టి విరిగిపడి ముగ్గురు కూలీలు మరణించిరి. ఇట్టి వార్త పత్రికలో ఒకటి రెండు దినములుండును. తరువాత ఆ ఇండ్లలో జరుగునది పత్రికల కెక్కదు.

గత సంవత్సరము మా విద్యార్థి యొకడు ఒక స్టాంపు కాగితము తెచ్చి, "సార్, అబ్బాకు తెలుగు చదువ రాదు. దీనిమీద వేలిముద్ర వేయవచ్చునా?" అని అడిగినాడు. తండ్రి పరంజా మీదనుండి పడి నడుము విరిగినది. ఇరవై వేలు ముట్టినవనియు, ఇకమీదట ఏ హక్కును కోరననియు అందు వ్రాసియున్నది. భాషలో దోషములు లేవు. దోషమంతయు విషయములోనే యున్నది.

ఉర్దూలో నష్టపరిహారమును 'ముఆవజా' అందురు. బదులు అను అర్థముగల 'ఇవజ్' నుండి పుట్టిన మాట. పోయిన దానికి బదులే గాని ఖైరాతు కాదు. మన దేశములో 1923 నాటి చట్టము ఈ హక్కును కల్పించినది. 2025 నవంబరు 21న 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి రాగా, అది అందులో ఏడవ అధ్యాయమైనది. అంతకు ముందు జరిగిన ప్రమాదములకు పాత చట్టమే వర్తించును. రెంటికిని మూలసూత్రమొక్కటే: పనివలన, పనివేళలో ప్రమాదము జరిగినచో యజమాని తప్పు ఉన్నదని రుజువు చేయనక్కరలేదు. త్రాగియుండుట, రక్షణ సాధనమును బుద్ధిపూర్వకముగ తీసివేయుట వంటి కారణములు చూపి యజమాని తప్పించుకొనవచ్చును గాని, మరణము, శాశ్వత పూర్ణ వైకల్యము సంభవించినప్పుడు అదియు చెల్లదు. ఇ.ఎస్.ఐ. పరిధిలోని వారు మాత్రము ఆ సంస్థనుండియే పొందవలెను.

ఎంత వచ్చును? పాత చట్టము క్రింద మరణమునకు నెల వేతనములో సగమును, వయస్సును బట్టి నిర్ణయించిన గుణకముతో హెచ్చింతురు. ముప్పది యేండ్ల వానికి గుణకము 207.98. వేతనమెంత యున్నను 2020 జనవరి నుండి లెక్కకు తీసికొనునది 15,000 రూపాయలు మించదు. ఈ పరిమితి నేటి మేస్త్రీ కూలికి చాల తక్కువయని మా అభిప్రాయము. అయినను 7,500ను 207.98తో హెచ్చింపగా 15,59,850 రూపాయలగును. గాయపడినవానికి సంపాదనశక్తి ఎంత తగ్గినదో ఆ శాతమును బట్టి పరిహారము. చికిత్సకైన ఖర్చు వేరుగ నీయవలెను. నెలలోపల చెల్లించనిచో పండ్రెండు శాతము వడ్డీ, తగిన కారణము లేనిచో సగము వరకు జరిమానా కలదు.

శాతము మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. 1968లో ఒడిశాలో సినిమాహాలు పనిచేయుచు పడి ఎడమచేయి పోగొట్టుకొనిన ఒక వడ్రంగి విషయమున, ఒంటిచేత వడ్రంగము సాగదు గావున అది పూర్ణ వైకల్యమేయని సుప్రీంకోర్టు 1975లో తీర్పు చెప్పినది. పోయినది చేయి కాదు, వృత్తి!

"నేను మేస్త్రీని మాత్రమే, బిల్డరునడుగుము" అనుట అడ్డాలో మామూలు. భవన నిర్మాణమే వ్యాపారముగా గల బిల్డరు, పని గుత్తకిచ్చినను బాధ్యుడే. స్వంత ఇల్లు కట్టుకొనువాని సంగతి వేరు. అచట గుత్తదారునే అడుగవలసియుండును. మరణించినచో డబ్బు భార్య చేతికిచ్చి సంతకము పుచ్చుకొనుట చెల్లదు, అధికారి వద్ద జమ చేయవలెను. హక్కు వదలుకొనుచు వ్రాసిన కాగితమునకు చట్టములో విలువ లేదు. అయినను వేలిముద్ర పడినచో వేసినవాడు భయపడి మరి కదలడు. వ్రాయించువాని ధీమా అదియే.

దరఖాస్తు ప్రమాదస్థలమునందే గాక హక్కుదారు నివసించు జిల్లాలోను పెట్టుకొనవచ్చును. పాత చట్టములో గడువు రెండేండ్లు. కూలివానికి నియామకపత్రముండదు గనుక ఆసుపత్రి చీటీ, పోలీసు ఫిర్యాదు, తోడి కూలీల సాక్ష్యము, మేస్త్రీ ఫోనుకు పంపిన డబ్బు వివరములు దాచుకొనవలెను. సాక్షులు మరుసటి నెలకు మరియొక ఊరి పనిలో నుందురు, ఆలస్యము పనికిరాదు.

మా విద్యార్థి తండ్రి వేలిముద్ర వేయలేదు. దరఖాస్తును కొడుకే వ్రాసినాడు, మేము చదివి రెండు మాటలు మాత్రము దిద్దితిమి. విచారణ సాగుచున్నది. మొన్న వాయిదా దినమున సెలవుచీటీలో 'అబ్బా పని' అని వ్రాసి పోయినాడు.