గాలానికి దొరకని రెండు వందల చేపలు

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు కొందరు సెలవురోజు వస్తే గాలం, ఎరల పెట్టె కారులో వేసుకుని సరస్సుల దారి పడుతున్నారు. వాళ్ల కోసం బాస్ చేప, అంటే పెద్దనోటి బాస్ మీద ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారం కల్లా ఇవ్వాలి అన్నారు ఎడిటర్. ఏ రీలు కొనాలి, ఏ ఎర వాడాలి అన్న సమాచారానికి కొదవేం లేదు. ఎరలు అమ్మేవాళ్లే కావలసినంత చెబుతారు. అందులో ఎంత నమ్మాలో తేల్చుకుందామని వెతుకుతుంటే 2009లో అచ్చయిన ఒక పరిశోధన పత్రం దొరికింది. అది చదివాక మిగతా కాగితాలు పక్కన పెట్టేశాను.

ఆ పరిశోధన జరిగింది ఇల్లినాయ్ రాష్ట్రంలోని రిడ్జ్ లేక్ అనే చిన్న చెరువులో. 1970ల్లో మొదలుపెట్టారు. అక్కడ ఎవరు గాలం వేసినా ఒకటే షరతు: పట్టిన ప్రతి బాస్‌నీ నీళ్లతొట్టిలో బతికుంచి శాస్త్రవేత్తలకు చూపించాలి. వాళ్లు దాన్ని కొలిచి, నంబరు బిళ్ల తగిలించి, తిరిగి నీళ్లలో వదిలేవారు. అంటే ఏ చేప ఎన్నిసార్లు గాలానికి పడిందో లెక్క ఉంది. ఒక చేప మొదటి రెండు రోజుల్లోనే మూడుసార్లు దొరికింది. ఇంకొకటి ఒకే ఏడాదిలో పదహారుసార్లు! నాలుగేళ్ల తర్వాత చెరువులో నీళ్లు తీసేసి చూస్తే 1,700కు పైగా చేపలు లెక్కకు వచ్చాయి. వాటిలో దాదాపు 200 ఆ నాలుగేళ్లూ అక్కడే ఉన్నాయి, ఒక్కసారి కూడా గాలానికి చిక్కలేదు.

అదృష్టం అనుకుని వదిలేయలేదు ఆ పత్రం రాసిన డేవిడ్ ఫిలిప్, ఆయన బృందం. పదేపదే దొరికిన చేపల్ని ఒక వంశంగా, ఎన్నడూ దొరకని వాటిని మరో వంశంగా పెంచారు. రెండింటి పిల్లలకూ గుర్తులు పెట్టి, ఒకే చెరువులో కలిపి పెంచి, మళ్లీ గాలాలు వేయించారు. అలా మూడు తరాలు. తరం మారేకొద్దీ రెండు వంశాల మధ్య తేడా పెరిగింది. గాలానికి పడటం, పడకపోవడం కొంతవరకు పుట్టుకతోనే వస్తుందని తేలింది. ఆ తేడాలో ఎక్కువ భాగం దొరకని వంశం వైపునే వచ్చింది. తేలిగ్గా పడేవి ఇంకా తేలిగ్గా పడటం కన్నా, పడనివి మరింత పడకుండా పోవడమే ఎక్కువ.

2012లో అదే వంశాల మీద వచ్చిన మరో పత్రం నన్ను కదిలించింది. సులువుగా గాలానికి పడే వంశంలోని మగచేపలే గూడు కాయడంలో ముందున్నాయి, సంతానంలోనూ వాటిదే పైచేయి. బాస్ జాతిలో పిల్లల బాధ్యత తండ్రిదే. వసంతంలో నీళ్లు 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్‌కు వెచ్చబడగానే మగచేప ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ చోట తోకతో అడుగు ఊడ్చి పళ్లెంలాంటి గుంట చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. అప్పట్నుంచి మగచేప ఆ గుంట వదలదు. తిండి మీద ధ్యాస కూడా ఉండదు. రెక్కలాడిస్తూ గుడ్ల మీద పూడిక పేరుకోకుండా చూస్తుంది, దగ్గరికొచ్చిన ప్రతిదాని మీదా విరుచుకుపడుతుంది. గుడ్లు పొదిగాక కూడా పిల్లల గుంపు వెంటే తిరుగుతుంది.

ఆ సమయంలో గూటి మీద ఎర వేస్తే అది నోట కరిచేది ఆకలితో కాదు, తరిమేయడానికి. దాన్ని పైకి లాగి ఫొటో తీసుకునే ఆ కాసేపట్లోనే, పక్కనే కాచుకుని ఉన్న బ్లూగిల్ చేపలు గుడ్లు తినేస్తాయి. పట్టి వదిలేశాం కదా, పాపమేముంది అనుకునేవాళ్లు ఆలోచించాల్సింది ఇక్కడే. ఎక్కువ తెగువ చూపే తండ్రే మొదట గాలానికి చిక్కుతాడు. ఏటా ఇలాగే జరిగితే చెరువులో మిగిలేవి జంకే చేపలే. చేపలు ముందులా పడట్లేదని గొణుక్కునే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మిగతా రోజుల్లో బాస్ స్వభావం తెలిస్తే గాలానికి కలిసొస్తుంది. బాస్ వెంటాడేదానికన్నా మాటువేసేదే ఎక్కువ. మునిగిన మోడు, నాచు అంచు, పడవల రేవు నీడ దాని స్థావరాలు. ఎరను కొరకదు. నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్లతో సహా లోపలికి పీల్చుకుంటుంది. నచ్చకపోతే రెప్పపాటులో ఉమ్మేస్తుంది. గుంజుడు కోసం ఎదురుచూసేవాళ్లకు ఆ సంగతే తెలియదు. దారం ఉన్నట్టుండి వదులైనా, పక్కకు జరిగినా వెంటనే లాగాలి. చలికాలంలో దాని ఒళ్లు నీళ్లతోపాటే చల్లబడుతుంది, అరుగుదల మందగిస్తుంది. అప్పుడు ఎరను నిదానంగా కదపాలి.

చరిత్ర క్లుప్తంగా: 1881లో జేమ్స్ హెన్షాల్ రాసిన పుస్తకం బాస్‌కు అమెరికాలో గౌరవం తెచ్చింది. 1925లో బాస్ జపాన్ చేరింది. 1967లో రే స్కాట్ ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో బాస్ పట్టే పోటీ పెట్టాడు. 1972 నుంచి పట్టిన చేపను వదిలేసే పద్ధతిని పోటీల్లోకి తెచ్చాడు.

రికార్డు
1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన బాస్ బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైమాటే. ఇంటికి తీసుకెళ్లి వండుకున్నారు. 2009 జులై 2న జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురిటాకు అంతకన్నా ఒక్క ఔన్సు కూడా తేడా లేని చేప పడింది. రికార్డు ఇద్దరిదీ.

ఎర రంగు
ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బాస్‌లకు రంగులు గుర్తుపట్టడం నేర్పి చూశారు. ఎరుపు, ఆకుపచ్చ బాగానే పోల్చుకున్నాయి. నిమ్మపసుపుకూ తెలుపుకూ, నీలానికీ నలుపుకూ తేడా సరిగా పట్టలేకపోయాయి. పెట్టె నిండా రంగులు కొనే ముందు ఆలోచించండి.

మన కొరమీను
తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను, అదే కొర్రమట్ట, బాస్‌కు చుట్టం కాదు గానీ పిల్లల్ని కాయడంలో తీసిపోదు. నీటిపైన ఎర్రగా గుంపుకట్టి తిరిగే పిల్లల కిందే పెద్దచేప ఉంటుంది. అక్కడ గాలం వేస్తే పడుతుంది. పిల్లలు మాత్రం దిక్కులేనివవుతాయి.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు
17 ఏళ్లు నిండితే లైసెన్సు తీసుకోవాలి. పెద్దనోటి బాస్ సాధారణంగా 14 అంగుళాలకు తక్కువైతే వదిలేయాలి, రోజుకు ఐదుకు మించి ఉంచుకోకూడదు. కొన్ని సరస్సులకు వేరే నిబంధనలున్నాయి, వెళ్లేముందు చూసుకోండి. వసంతంలో ఒడ్డున గూడు మీద చేప కనిపిస్తే దాని జోలికి పోకుండా గాలం లోతు వైపు వేయండి.