పాలు పిండేది ఆమె.. శిక్షణ ఆయనకు!

నాగరగెరె (చిక్కబళ్లాపుర జిల్లా): వానలను నమ్ముకోలేని ఈ సరిహద్దు పల్లెల్లో ఇల్లు గడిపేది పాడి ఆవే. పాడి మెలకువలు నేర్చుకోవాలంటే చింతామణి దగ్గర కురుబూరు కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అంతదూరం పోయేది ఎక్కువగా మగవాళ్లు. పాలు పిండేది ఆడోళ్లు. అక్కడ కన్నడం, ఇంట్లో తెలుగు.

నష్టం ఇక్కడే. పిండాక 30 నిమిషాల దాకా చన్నుల రంధ్రాలు పూర్తిగా మూసుకోవు. అంతలో ఆవు పేడలో పడుకుంటే క్రిములు చేరి పొదుగువాపు వస్తుంది. పాలు తగ్గుతాయి. వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్‌ చూసి కట్టే ధరా పడిపోతుంది. పిండిన వెంటనే మేత వేస్తే ఆవు నిలబడే ఉంటుంది.

పైసా ఖర్చు లేని ఈ మాట కొట్టందాకా చేరాలంటే శిక్షణ ఊళ్లోనే, డెయిరీకి పాలు పోసొచ్చాక, తెలుగులో జరగాలి.