దారి చూపే చరరాశి

జావా భాష నేర్వదలచిన విద్యార్థి దాని కంపైలరును కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసుకొంటాడు. చిన్న ప్రోగ్రాము ఒకటి వ్రాసి, కమాండ్ విండోలో 'జావాసీ' అని టైపు చేస్తాడు. అట్టి ఆజ్ఞ తనకు తెలియదని కంప్యూటరు బదులిస్తుంది. కంపైలరు డిస్కులోనే ఉన్నది; ప్రోగ్రాములో తప్పు లేదు. మరి లోపమెక్కడ?

ఆజ్ఞ అందగానే కంప్యూటరు డిస్కునంతటినీ గాలించదు. ఏయే ఫోల్డర్లలో వెదకవలెనో తెలిపే జాబితా ఒకటి దాని వద్ద ఉంటుంది. దాని పేరు 'పాత్', అనగా దారి. కంపైలరున్న ఫోల్డరు ఆ జాబితాలో లేకుంటే, అది ఉండీ లేనట్లే. ఇట్లు ఒక పేరు, దానికొక విలువ గల జంటలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. ఇవి గణితంలోని చరరాశుల వంటివే. 1979లో వెలువడిన యునిక్స్ ఏడవ వెర్షనుతో ఈ పద్ధతి స్థిరపడింది. 1983 నాటి ఎమ్మెస్-డాస్ 2.0లోనూ ఇది కనిపిస్తుంది.

పేరు ఒకటే అయినా ఆచారాలు వేరు. యునిక్స్ సంప్రదాయాన్ని అనుసరించే లినక్స్, మ్యాక్ వ్యవస్థలలో ఫోల్డర్ల నడుమ కోలన్ ఉంచుతారు. విండోస్‌లో డ్రైవు పేర్లకే కోలన్ వినియోగమైనందున, అక్కడ సెమీకోలన్ వాడుతారు. విండోస్‌లో సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని 'ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్' బటను నొక్కి పాత్‌ను సవరించవచ్చు. లినక్స్‌లో బాష్ షెల్ వాడేవారు హోమ్ ఫోల్డరులోని 'బాష్‌ఆర్‌సి' ఫైలులో 'ఎక్స్‌పోర్ట్' అనే పదంతో మొదలయ్యే పంక్తిని చేర్చుతారు. మ్యాక్‌లో 2019 నుండి కొత్త ఖాతాలకు జడ్‌షెల్ వచ్చినందున అక్కడి ఫైలు వేరు. ఈ ఫైళ్ళ పేర్లు చుక్కతో మొదలగుటచే సాధారణంగా కంటికి కనబడవు. ఫైలే లేదని కంగారుపడేవారు అనేకులు.

అసలు ప్రమాదం మరొకటి. కొత్త ఫోల్డరును చేర్చునప్పుడు పాత జాబితాను నిలుపుకోవాలి. లినక్స్‌లో కొత్త ఫోల్డరు తరువాత కోలన్, డాలరు గుర్తుతో కూడిన పాత్ పేరు వ్రాయుట మరచితే, ఫైళ్ళ పట్టికను చూపే 'ఎల్ఎస్' వంటి నిత్యావసర ఆజ్ఞలు కూడా పలకవు. విండోస్‌లోని 'సెట్‌ఎక్స్' ఆజ్ఞ మరీ నిర్దయమైనది. విలువ 1024 అక్షరాలు మించితే, ఒక హెచ్చరిక చూపి, మిగిలిన భాగాన్ని కత్తిరించి భద్రపరుస్తుంది. కావున మార్చుటకు ముందు పాత విలువను వేరొక ఫైలులో వ్రాసి ఉంచుకొనుట మేలు.

అన్నీ సరిగా అమర్చిన తరువాత కూడా ఒక్కొక్కసారి 'జావాసీ' పలకదు. ప్రతి ప్రోగ్రాము తాను మొదలైనప్పుడే, తనను ప్రారంభించిన ప్రోగ్రాము నుండి ఈ చరరాశుల నకలును పొందుతుంది. ఆపైన జరిగిన మార్పులు దానికి అందవు. ముందే తెరచి ఉన్న విండో వద్ద పాత నకలే ఉంటుంది. ఇది ఎరుగని విద్యార్థి సరిగా ఉన్నదానిని మళ్ళీ మళ్ళీ దిద్ది చెడగొట్టుకొంటాడు. ఆ విండోను మూసి కొత్తది తెరచినచో కంపైలరు పలుకుతుంది.