ఫ్లోరిడాలో చెదపురుగుల జాత్యంతర సంకరణం

తూర్పు ఆసియాకు చెందిన కాప్టోటెర్మిస్ ఫార్మోసానస్, ఆగ్నేయాసియాకు చెందిన కాప్టోటెర్మిస్ జెస్ట్రోయ్ అనే చెద జాతులు రెండూ మానవుల సరుకు రవాణా మూలంగా అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాలో స్థిరపడ్డాయి. అక్కడ వీటి రెక్కల పురుగులు వెలువడే కాలాలు వేర్వేరు. జెస్ట్రోయ్ ముందుగా, ఫార్మోసానస్ తరువాత ఎగిరేవి. ఈ కాలాలు కొంతమేర కలిసిపోవడంతో అవరోధం సడలింది.

2015లో ప్రచురితమైన ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధనలో జెస్ట్రోయ్ మగపురుగులు స్వజాతి ఆడపురుగులకన్నా ఫార్మోసానస్ ఆడపురుగులనే ఎక్కువగా ఎంచుకున్నాయి. ప్రయోగశాలలో సంకర సమూహాలు త్వరితంగా పెరిగాయి. అయితే సంకర తేజం ఒక్కటే ప్రమాదసూచిక కాదు. కంచరగాడిద బలిష్ఠమైనదే, కాని గొడ్డు. సంకర చెదలు సంతానవంతమైతే జన్యువులు ఒక జాతి నుండి మరొక జాతికి ప్రవహించవచ్చు. సమశీతోష్ణ, ఉష్ణమండల జాతుల లక్షణాలు కలిస్తే వ్యాప్తి పరిధి కూడా మారవచ్చు.

2021 నుండి ఫోర్ట్ లాడర్‌డేల్‌లో సంకర రెక్కల పురుగులు లభించాయి. చెద సమూహం రెక్కల పురుగులను ఉత్పత్తి చేయడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది కనుక, సంకర సమూహం ఆరుబయట పరిపక్వ దశకు చేరినట్లే. బాహ్య లక్షణాలతో వీటిని గుర్తించడం కష్టం. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి జాతిని మాత్రమే తెలుపుతుంది; కేంద్రక డీఎన్ఏను కూడా పరీక్షించకపోతే సంకర నమూనా శుద్ధ జాతిగా నమోదవుతుంది.